ఆటో, టాక్సీ ఛార్జీలు: నిర్ణయించే అధికారం ఎవరిది?

1. పరిచయం

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ రెవెన్యూ డివిజన్‌లో కంగ్టి ఒక మండల కేంద్రం. ఇలాంటి చోట బస్సు దొరకని వేళ ప్రజలకు ఆటోయే ఆధారం. ఆటో కిరాయి ఎక్కువనిపిస్తే మీరు ఎవరిని అడగాలి? సర్పంచినా, పోలీసులనా, రవాణా శాఖనా? ఈ ప్రశ్నకు సమాధానం తెలియకపోతే ఫిర్యాదు చేరవలసిన చోటికి చేరదు. మనదేశంలో ఛార్జీ నిర్ణయించే అధికారం స్థానిక సంస్థలకు లేదు, రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అయినా ఈ విషయంలో స్థానిక సంస్థకు చేయదగిన పని ఉంది. ఈ రెండు అంశాలనూ ఈ పాఠంలో తెలుసుకుంటారు.

2. రాజ్యాంగంలో అధికార విభజన

రాజ్యాంగం ఏడవ షెడ్యూలును గమనించండి. రోడ్లు, వంతెనలు, యంత్రశక్తితో నడవని వాహనాలు రాష్ట్ర జాబితాలోని 13వ అంశంలో ఉన్నాయి. యంత్రశక్తితో నడిచే వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. అందువల్ల ఎడ్లబండికీ ఆటోకీ చట్టపరమైన మూలం వేరు.

ఈ తేడాకు చరిత్ర ఉంది. గుర్రపు బండ్ల కాలంలో, 1879 నాటి హాక్నీ క్యారేజ్ చట్టం బ్రిటిష్ పాలనలోని పలు ప్రాంతాలలో అద్దె బండ్ల నియంత్రణకు నియమాలు చేసే అధికారాన్ని మునిసిపాలిటీలకు ఇచ్చింది. అద్దెకు గరిష్ఠ పరిమితి విధించడం కూడా ఆ నియమాలలో భాగం. మోటారు వాహనాలు ఊరి పొలిమేరలు దాటి తిరగడం మొదలయ్యాక నియంత్రణ పైస్థాయికి మారింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం రోడ్డు రవాణా నియంత్రణను రాష్ట్ర స్థాయి ప్రభుత్వాలకు అప్పగించింది. నేడు అమలులో ఉన్న 1988 చట్టం అదే పద్ధతిని కొనసాగించింది.

3. 1988 చట్టంలోని ముఖ్య నిబంధనలు

సెక్షన్ 67: ఛార్జీలకు మూలం ఇదే. దీని కింద రాష్ట్ర ప్రభుత్వం రాజపత్రంలో నోటిఫికేషన్ ద్వారా ఆదేశాలు ఇస్తుంది. 2019 సవరణ తరువాత ఈ సెక్షన్ ప్రయాణికుల సౌకర్యం, పోటీకి తగిన ఛార్జీలు, కిక్కిరిసిన ప్రయాణాల నివారణ, రహదారి భద్రత అనే నాలుగు విషయాలను ఒకే వాక్యంలో చేర్చింది. గ్రామీణ రవాణా కోసం ప్రత్యేక పథకాలు రూపొందించే వీలునూ అదే సవరణ కల్పించింది.

సెక్షన్ 74: ఆటో, టాక్సీ వంటి కాంట్రాక్టు క్యారేజీల పర్మిట్లకు సంబంధించినది. నిర్ణీత ఛార్జీనే వసూలు చేయాలని, ఛార్జీల పట్టికను వాహనంలో ప్రదర్శించాలని, మీటరు సరిగా పనిచేయాలని పర్మిట్‌లో షరతులు పెట్టవచ్చు.

సెక్షన్ 84, 86: ప్రభుత్వం నిర్ణయించిన ఛార్జీని పాటించడం ప్రతి పర్మిట్‌కూ వర్తించే షరతు. దాన్ని ఉల్లంఘిస్తే పర్మిట్‌ను సస్పెండ్ చేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. అయితే రద్దుకు ముందు పర్మిట్ ఉన్న వ్యక్తికి వివరణ ఇచ్చే అవకాశం తప్పనిసరిగా ఇవ్వాలి.

పర్మిట్లు ఇచ్చేది రాష్ట్ర, ప్రాంతీయ రవాణా అధికార సంస్థలు. అంటే ఛార్జీ ఒక నోటిఫికేషన్‌తో పుట్టి, పర్మిట్ షరతు రూపంలో ప్రతి వాహనానికీ చేరుతుంది. రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న కంగ్టి వాసులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

4. ఛార్జీ లెక్క

మీటరు ఛార్జీలో రెండు భాగాలు ఉంటాయి: కనీస ఛార్జీ, ఆపైన కిలోమీటరు రేటు. 2014 సవరణ ప్రకారం హైదరాబాద్‌లో ఆటోకు మొదటి 1.6 కిలోమీటర్లకు రూ. 20, తరువాత ప్రతి కిలోమీటరుకు రూ. 11. ఇది నగరానికి నిర్ణయించిన రేటు. లెక్క పద్ధతి తెలియడానికే ఇక్కడ ఇస్తున్నాం.

ఈ రేటుతో 10 కిలోమీటర్ల ప్రయాణాన్ని తీసుకోండి. మొదటి 1.6 కిలోమీటర్లకు రూ. 20. మిగిలిన 8.4 కిలోమీటర్లకు రూ. 92.40. మొత్తం రూ. 112.40. ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి సుమారు రూ. 37.50.

5. మీటరు రేటు, సీటు రేటు

మండల కేంద్రాలలో సాధారణంగా కనిపించేది మీటరు కాదు, సీటు రేటు. మీటరు ఛార్జీ మొత్తం వాహనానికి, సీటు రేటు ఒక్కో మనిషికి. మోటారు క్యాబ్‌లో ప్రయాణికుల నుంచి విడివిడిగా డబ్బు తీసుకున్నా అది కాంట్రాక్టు క్యారేజీగానే పరిగణన పొందుతుందని సెక్షన్ 2(7) చెబుతుంది. కాబట్టి సీటు లెక్కన తీసుకున్నంత మాత్రాన ఆటో బస్సు అయిపోదు.

సీటు రేటు స్టాండులో డ్రైవర్ల మాట మీద, వాడుక మీద నిలబడుతుంది. దీని వెనుక ఉన్న లెక్కను డ్రైవరు వైపు నుంచి కూడా చూడండి. పల్లెలో ప్రయాణికులను దించిన ఆటోకు తిరుగు ప్రయాణంలో గిరాకీ దొరకకపోవచ్చు. అప్పుడు 10 కిలోమీటర్ల కిరాయితో 20 కిలోమీటర్ల ఇంధనం భరించాలి. ఉదాహరణకు సీటుకు రూ. 20 అనుకుందాం. ముగ్గురితో వచ్చేది రూ. 60. అదే ఆరుగురిని ఎక్కిస్తే రూ. 120. డ్రైవరు పక్కన కూడా మనుషులను కూర్చోబెట్టడం ఇక్కడే మొదలవుతుంది. సీటు రేటు తక్కువగా కనిపించినా దాని మిగతా ధరను ప్రయాణికుడు తన భద్రతతో చెల్లిస్తున్నాడు. చట్టం ఛార్జీనీ కిక్కిరిసిన ప్రయాణాన్నీ ఒకే వాక్యంలో పెట్టడంలోని ఔచిత్యం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

6. స్థానిక సంస్థ పాత్ర

సెక్షన్ 117 ప్రకారం వాహనాలు నిలిపే స్థలాలను రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించవచ్చు. రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలు పార్కింగ్ స్థలాలను, బస్ స్టాపులను మునిసిపాలిటీల అంశాలలో చేర్చింది. పదకొండవ షెడ్యూలు రోడ్లను పంచాయతీల అంశాలలో చేర్చింది. అంటే స్థలం విషయంలో స్థానిక సంస్థకు మాట ఉంది, ధర విషయంలో అధికారం లేదు.

ఇక్కడ ఒక తేడాను గుర్తించండి. స్టాండు వాడుకున్నందుకు వాహనదారు చెల్లించేది రుసుము. ప్రయాణికుడు వాహనదారుకు చెల్లించేది ఛార్జీ. రుసుము వసూలు చేసే సంస్థకు ఛార్జీ నిర్ణయించే హక్కు దానంతట అది రాదు.

అయితే గ్రామసభలో చర్చించి తీర్మానం చేయడానికి అడ్డు లేదు. ఏ దారిలో ఏ వేళలో బస్సు లేదు, సీటు రేటు ఎంత నడుస్తోంది, ఎందరిని ఎక్కిస్తున్నారు అనే వివరాలు ఊరివాళ్లకే బాగా తెలుసు. వాటితో రవాణా శాఖకు పంపిన తీర్మానం ఆదేశం కాదు, ఆధారం. ఆ చర్చలో డ్రైవర్లకూ చోటు ఉండాలి.

7. మరో దేశపు పద్ధతి

ఇంగ్లండ్‌లో లండన్ వెలుపల టాక్సీ ఛార్జీల పట్టికను స్థానిక కౌన్సిళ్లే నిర్ణయించవచ్చు. 1976 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ కొత్త పట్టికను స్థానిక పత్రికలో ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలి. అభ్యంతరాలు వస్తే వాటిని పరిశీలించి, మార్పులతోగాని మార్పులు లేకుండాగాని అమలు చేయాలి. ఈ పద్ధతిలో ధర నిర్ణయించేవారు ప్రజలకు దగ్గరగా ఉంటారు, కాని ఊరూరా రేటు మారుతుంది. మన పద్ధతిలో ఏకరూపత ఎక్కువ, కాని మారుమూల మండలం మాట పైకి చేరడానికి ప్రయత్నం అవసరం.

8. సారాంశం

ఛార్జీ నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది, అమలు రవాణా అధికారులది, స్టాండు విషయంలో సంప్రదింపు స్థానిక సంస్థతో. నిర్ణీత ఛార్జీకి మించి వసూలు చేశారని మీరు భావిస్తే వాహనం నంబరు, తేదీ, ఎక్కిన చోటు, దిగిన చోటు, చెల్లించిన మొత్తం రాసుకుని రవాణా శాఖకు ఫిర్యాదు చేయండి. నోటిఫై అయిన రేటే లేని దారిలో అయితే అడగవలసింది ఒక డ్రైవరుపై చర్య కాదు, ఆ దారికి ఒక రేటు. ఆ కోరికకు గ్రామసభ తగిన వేదిక.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎడ్లబండి, ఆటో రాజ్యాంగంలోని ఏయే జాబితాల కిందికి వస్తాయి?
2. స్టాండు రుసుముకు, ప్రయాణ ఛార్జీకి తేడా ఏమిటి?
3. పైన ఇచ్చిన హైదరాబాద్ రేటుతో 6.6 కిలోమీటర్ల ప్రయాణానికి ఛార్జీ ఎంత? (జవాబు: రూ. 75)
4. మీ ఊరి నుంచి మండల కేంద్రానికి నడుస్తున్న సీటు రేటు ఎలా ఏర్పడిందో డ్రైవర్లను, ప్రయాణికులను అడిగి ఒక పేజీకి మించకుండా రాయండి.