బియ్యం కాటా ఎక్కిన ఇనప ప్లేటు

ప్లేటు మీద 10 అని పోతలోనే అచ్చుపడి ఉంది. మా వీధి చివర బియ్యం కొట్టు కాటా మీద పెడితే 9 కిలోల 200 గ్రాములు చూపించింది. కొట్టాయన పకపకా నవ్వాడు. "మాస్టారూ, నేనిలా తూస్తే రేపు తూనికల శాఖ వాళ్ళొచ్చి కొట్టు మూయిస్తారు" అన్నాడు. మా మనవడి మొహంలో మాత్రం కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు.

ఇంజనీరింగులో చేరిన కొత్తలో, మేడమీద గదిలో జిమ్ము పెట్టుకుంటానని వాళ్ళమ్మని ఒప్పించి, చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో వాడు తెచ్చుకున్న మొదటి సరుకు అది. నాతో ఒక్క మాటైనా అనలేదు. ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలందరికీ ఫిజిక్సు చెప్పినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఫోన్లో వీడియోలు చూసి బరువులు కొన్నాడంటే నాకూ కాస్త ఉక్రోషంగానే ఉంది. అందుకే పని గట్టుకుని కాటా దాకా నడిపించాను.

జత ప్లేటు కూడా తూయించాం. అది 10 కిలోల 100.

"తేడా 900 గ్రాములే కదా తాతా" అన్నాడు.

"నువ్వెప్పుడూ కావడి మోయలేదు కాబట్టి అలా అంటున్నావు."

కావడిలో ఒక కుండకి చెంబెడు నీళ్ళు ఎక్కువైతే భుజానికి ముందు తెలుస్తుంది, కళ్ళకి తర్వాత. రాడ్డూ కావడే. రాడ్డు నడిమధ్య నుంచి రెండు చేతులూ చెరో 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నాడనుకోండి. ప్లేటు ఉండేది నడిమధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో. అరవైని ఇరవై అయిదుతో భాగిస్తే 2.4. అంటే అక్కడ ఎక్కువైన 900 గ్రాములు, రెండు చేతుల మధ్య 2 కిలోల 160 గ్రాముల తేడాగా వచ్చి కూర్చుంటాయి. ఒక చేతికి పని పెరుగుతుంది, రెండోదానికి తరుగుతుంది, నడుము ఒక పక్కకి ఒరుగుతుంది. మొత్తం బరువు కిలో తక్కువైనా కండకి నష్టమేమీ లేదు, కండకి అంకెలు చదవడం రాదు. రెండు పక్కలూ సమానం కాకపోతేనే తంటా.

ప్లేట్లు అమ్మిన కొట్టువాడు వాపసు తీసుకోనన్నాడు. తర్వాతి ఆదివారం మిగతా సామాను కొనడానికి మాత్రం నన్ను పిలవకుండా వెళ్ళలేదు మావాడు.

దారిలో వాడికి ఒకే మాట చెప్పాను. బరువు అన్నది భూమి పుణ్యాన ఊరికే దొరికేదే. ఇసక బస్తా బరువే, నీళ్ళ బిందె బరువే, రుబ్బురోలు బరువే. నువ్వు డబ్బు పోయాల్సింది బరువు మీద కాదు. నీకూ బరువుకీ మధ్య ఉండేవాటి మీద, అంటే రాడ్డు, లాకులు, స్టాండు, బెంచీ, కింద నేల మీద.

కొట్లో మొదట రాడ్డు దగ్గర ఆగాం. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ రాడ్డు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు, పట్టుకునేచోట లావు 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్ళది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. వాటి చివర ప్లేట్లు ఎక్కే గొట్టాలు 50 మిల్లీమీటర్ల లావుంటాయి, రాడ్డుతో సంబంధం లేకుండా తిరుగుతాయి కూడా. ఎందుకంటే బరువుని ఒక్క ఊపున భుజాల మీదకి తెచ్చేటప్పుడు రాడ్డు చేతుల్లో గిర్రున తిరగాలి. ప్లేట్లు కూడా దానితోపాటే తిరగాల్సి వస్తే, ఆ తిప్పే భారం మణికట్టు మీద పడుతుంది. ఇంట్లో నెమ్మదిగా ఎత్తి నెమ్మదిగా దించేవాడికి అంత సొగసు అక్కర్లేదు. మామూలు ఇళ్ళకి వచ్చేది అంగుళం లావు రాడ్డు, అయిదడుగులదో ఆరడుగులదో. దాని ప్లేట్ల కంత చిన్నది. ఒలింపిక్ రాడ్డుకి ఆ ప్లేట్లు ఎక్కవు. దాని ప్లేట్లు దీనికి వదులు. మొదటి రోజే ఏదో ఒక కొలతకి కట్టుబడకపోతే తర్వాత ఇల్లంతా జత కలవని ఇనుమే.

"ఇది గట్టిదేనా, బోలుదా?" అని అడిగాను. "సాలిడ్డే సార్, గ్యారంటీ" అన్నాడు కుర్రాడు. గ్యారంటీ సంగతి పక్కనపెట్టి కాటా అడిగాను. ఇల్లు కట్టించినవాళ్ళకి ఒక లెక్క తెలిసి ఉంటుంది. ఇనప చువ్వ లావుని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162 తో భాగిస్తే మీటరు చువ్వ ఎన్ని కిలోలో వస్తుంది. ఇంజనీర్లూ సూపర్‌వైజర్లూ సిమెంటు కాగితం మీదే వేసేస్తుంటారు ఈ లెక్క. 25 ని 25 తో గుణిస్తే 625, దాన్ని 162 తో భాగిస్తే 3.86. అయిదడుగులంటే 1.52 మీటర్లు. కాబట్టి 25 మిల్లీమీటర్ల గట్టి రాడ్డు 5 కిలోల 900 దరిదాపుల్లో తూగాలి. మొదటిది నాలుగు కిలోలు కూడా లేదు. కుర్రాడు మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి ఇంకోటి తెచ్చాడు.

లావు సంగతి ఇంకొకటుంది. రాడ్డు వంగకుండా నిలబడే బిగువు దాని లావు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 25 నుంచి 28 మిల్లీమీటర్లకి పెరిగింది మూడే మిల్లీమీటర్లు, బిగువు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వెదురు బొంగు సన్నదైతే ఎంత ఊగుతుందో, కాస్త లావైతే ఎంత మొండికేస్తుందో చూసినవాళ్ళకి ఇది వింత కాదు. చివరల్లో మర ఉండి స్టార్ నట్టు బిగించే రాడ్డు అయితే ఆ మర చేత్తో తిప్పి చూడండి. నాలుగు చుట్లు సాఫీగా ఎక్కాలి. ఎక్కకపోతే ఆ రాడ్డు వద్దు. లాకు ఊడి ఒక పక్క ప్లేటు జారిందంటే రెండో పక్క బరువు ఏతాంలా కిందికి దూకుతుంది. చూస్తుండగానే జరుగుతుంది, పట్టుకునే వ్యవధి ఉండదు.

ప్లేట్లలో పోత ఇనుము ఒక రకం, పైన రబ్బరు తొడిగింది ఒక రకం, ప్లాస్టిక్ డొల్లలో సిమెంటు నింపింది ఇంకో రకం. మూడోది చవక. మంచిదా చెడ్డదా అంటే బరువు బరువే, అబద్ధం ఆడదు. కానీ పోత ఇనుము ఘన సెంటీమీటరు 7.2 గ్రాములు, కాంక్రీటు 2.4. అంటే అదే 10 కిలోలకి సిమెంటు ప్లేటు మూడింతలు లావుంటుంది. నాలుగు ఎక్కించేసరికి రాడ్డు చివర నిండిపోతుంది. ఒకసారి చేయి జారితే డొల్ల పగిలి గదంతా బూడిద రాలుతుంది. ఎదగని రోజుల్లో సరిపోతుంది, ఎదిగితే చాలదు.

ఒలింపిక్ ప్లేటు అడ్డకొలత 45 సెంటీమీటర్లు. కాబట్టి నేల మీద ఉన్న రాడ్డు ఎత్తు 22.5 సెంటీమీటర్లు. చిన్న ఇనప ప్లేట్లతో అయితే అది జానెడు కూడా ఉండదు. అంత కిందికి వంగి ఎత్తితే నడుముకి నొప్పి రావచ్చు. ప్లేట్ల కింద చెరో పక్కా రెండేసి చెక్క పలకలు పేర్చమన్నాను. మావాడు ఇటుకలు తెచ్చాడు. ఇటుకలు వద్దన్నాను, పగులుతాయి. చెక్కే పెట్టాడు.

డంబెల్స్ దగ్గర మావాడు 15 కిలోల జత ముందు నిలబడ్డాడు. వయసు అలాంటిది. డంబెల్ అనే ఇంగ్లీషు మాటకి మూగ గంట అని అర్థం. చర్చి గంట తాడు లాగడం సాధన చేయడానికి, మోత రాని సరంజామా ఒకటి ఇంగ్లండులో ఉండేదట, పేరు అక్కణ్ణుంచి వచ్చిందంటారు. సరే, మోచేయి మడిచి ముంజేయి నేలకి అడ్డంగా పెట్టి 5 కిలోలు పట్టుకో అన్నాను. చేతిలో బరువు మోచేతికి 35 సెంటీమీటర్ల దూరాన ఉంది. దాన్ని లాగే కండరం ఎముకని పట్టుకున్నది మోచేతికి 5 సెంటీమీటర్ల దగ్గరే. ఏడింతల దూరానికి ఏడింతల బలం. చేతిలో 5, కండకి 35, ముంజేతి బరువు కాక. 15 పట్టుకుంటే కండకి నూట అయిదు. వాడు కళ్ళు తేలేసి, విడదీసి ప్లేట్లు మార్చుకునే జత తీసుకున్నాడు.

బెంచీ గురించి ఎక్కువ చెప్పను. దాని మీద రాసిన 150 కిలోలో 200 కిలోలో, అందులో పడుకున్న మనిషి కూడా ఉన్నాడని మర్చిపోవద్దు. మీద కూర్చుని అటూఇటూ ఊగి చూడండి. కాళ్ళ మధ్య ఏటవాలు పట్టీ ఉంటే త్రిభుజం ఏర్పడి కదలదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం, పడుకుని రాడ్డుని ఛాతీ మీదకి దించే వ్యాయామం, అడ్డంగా ఆపే సేఫ్టీ రాడ్లున్న స్టాండు లేకుండా చేయకండి. ఆ స్టాండుకి డబ్బు చాలకపోతే డంబెల్స్‌తో చేసుకోవచ్చు. బలం చాలకపోతే పక్కలకి వదిలేయొచ్చు.

వదిలేస్తే నేల ఏమవుతుంది? ఇక్కడ వాళ్ళమ్మ అడ్డం పడింది, మేడ కూలుతుందని. మన దేశపు నిబంధనల ప్రకారం ఇళ్ళ గదుల శ్లాబు చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు మోసేలా లెక్కేస్తారు. మనిషీ, బెంచీ, వంద కిలోల ఇనుమూ గదంతా సర్దుకుంటే మంచం, బీరువా కంటే పెద్ద భారమేమీ కాదు. చిక్కంతా పడేయడంలో ఉంది. 20 కిలోల డంబెల్ అర మీటరు ఎత్తునుంచి పడిందనుకోండి. టైలు మీద పడితే మిల్లీమీటరులో ఆగాలి. అర మీటరు అంటే 500 మిల్లీమీటర్లు. అంత దూరం పడుతూ కూడబెట్టిన వేగాన్ని ఒక్క మిల్లీమీటరులో చంపాలంటే బరువుకి అయిదువందల రెట్ల బలం కావాలి. 20 కిలోలు ఆ క్షణాన 10 టన్నుల దెబ్బ కొడతాయి. అదే కింద మందపాటి రబ్బరు షీటు ఉండి సెంటీమీటరు లోపలికి దిగనిస్తే టన్నుకి తగ్గుతుంది. క్రికెట్ బంతి పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కునేదీ ఇందుకే. డబ్బు తక్కువైతే పది కిలోల ఇనుము మానేసి రబ్బరు షీటు కొనమన్నాను. ఆ మాటకి కోడలు నా కాఫీలో పంచదార ఎక్కువ వేసింది.

చివరగా కొట్లో మావాడు చీదరగా చూసినవి, నేను ముందుగా ఏరుకున్నవి, 1.25 కిలోల బుల్లి ప్లేట్లు. "ఇవెందుకు తాతా, పిల్లలాట" అన్నాడు.

మా సొంతూరు ఆమదాలవలస దగ్గరి పల్లె. నా చిన్నప్పుడు సంక్రాంతికి రామమందిరం ముందు సంగిడీలు ఎత్తేవారు. పట్టు తొలిచిన రాళ్ళు అవి. మా పెదనాన్న ఒక రాయిని అవలీలగా భుజానికెత్తేవాడు, పక్కనున్న రాయిని ఏనాడూ మోకాలు దాటించలేకపోయాడు. ఆ రెండింటి మధ్య ఇంకో రాయి లేదు. అదీ రాయితో వచ్చిన చిక్కు. దానికి కిలో కలపలేం. రాడ్డు గొప్పతనం ఇనుములో లేదు, రోజుకింత కలుపుకోవడంలో ఉంది. అమెరికాలో డిలోర్మ్ అనే వైద్యుడు 1945 ప్రాంతంలో గాయపడ్డ సైనికుల కాళ్ళకి బలం తెప్పించింది ఈ కిటుకుతోనే, మోయగలిగినంత మోయించి కొంచెం కొంచెంగా పెంచడం. 20 నుంచి 25 కి ఎగిరితే నాలుగోవంతు పెరిగినట్టు. బుల్లి జతతో 22.5 కి వెళ్తే అందులో సగమే.

ఆ ఆమదాలవలస అమ్మాయే కరణం మల్లీశ్వరి. 2000 సంవత్సరంలో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 ఎత్తింది, మొత్తం 240. కంచు పతకం. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారత మహిళ. బంగారం, వెండి తెచ్చుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5. ఆఖరి ప్రయత్నంలో తను 137.5 కి వెళ్ళింది, అందలేదు. పై ఇద్దరికీ తనకీ తేడా ఎంత? రెండున్నర కిలోలు. రాడ్డుకి అటొకటి ఇటొకటి, 1.25 ప్లేట్లు రెండు.

మావాడు మాట్లాడకుండా రెండు జతలు బుట్టలో వేశాడు.

ఇక తుప్పు సంగతి. ఇప్పుడు మేముండే విశాఖలో సముద్రం ఎంతో దూరం లేదు. ఆ గాలికి కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, చెమట చేతులతో పట్టుకున్న రాడ్డు ఆగుతుందా? రాడ్డు మీది గరుకు గాడుల్లో చెమట ఉప్పు దాక్కుంటుంది, ఉప్పు గాల్లోని తేమని పీల్చి పెట్టుకుంటుంది. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు రాయమన్నాను. జత కలవని ఆ మొదటి ప్లేట్లకి కూడా ఒక దారి చూశాం. ఉన్నవన్నీ మోసుకెళ్ళి బియ్యం కాటా మీద తూచి, అసలు బరువులు మా మనవరాలి గోళ్ళరంగుతో ప్లేట్ల మీద రాసుకున్నాం. 9.2 కి 9.3 తోడు దొరికింది. 10.1 కి ఇంకా దొరకలేదు, గది తలుపుకి ఆసరాగా ఉంటోంది.

మొన్న సాయంత్రం వాడు మేడ దిగి వచ్చి, 1.25 ప్లేట్లు రెండు కనపడటం లేదని ఇల్లంతా గాలించాడు. డాబా మీదకెళ్ళి చూస్తే దొరికాయి. మా ఆవిడ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. సముద్రపు గాలికి చీర ఎగరకుండా రెండు మూలలా వాటినే పెట్టుకుంది. ఎండేదాకా రెండ్రోజులు ఇవ్వనంది.