విదేశగ్రంథాలయములందుఁ దీసిన ఛాయాచిత్రములు: వాని సంరక్షణము

తెలుఁగు వ్రాఁతప్రతులలోఁ గొంత భాగము దేశాంతరముల నున్నదనుట పరిశోధకులకుఁ గ్రొత్తమాట కాదు. కల్నల్ మెకంజీ 1821వ సంవత్సరమున మరణింపఁగా నాతని సంగ్రహములోఁ గొంత లండనునకుఁ జేరెను; కొంత మద్రాసున నిలిచెను. ఇండియా ఆఫీసు గ్రంథాలయము 1982లో బ్రిటిష్ లైబ్రరీ యధీనమునకు వచ్చుటచే లండను భాగము నేఁ డచ్చటనే యున్నది. పారిసు జాతీయగ్రంథాలయమునను దెలుఁగు ప్రతులు కలవు. పూర్వము వీనిని జూడఁగోరువాఁడు నెలల తరబడి యచ్చట నుండి చేతితో వ్రాసికొనవలసి యుండెను; లేదా వ్యయమున కోర్చి మైక్రోఫిల్ము తెప్పించుకొనవలసి యుండెను. 2015వ సంవత్సరము మొదలు బ్రిటిష్ లైబ్రరీ పఠనమందిరములలో, నిషేధము లేని గ్రంథములను బాఠకులు తమ సొంత కెమెరాతోనో సెల్‌ఫోనుతోనో, ఫ్లాష్ వెలుఁగు లేకుండ, స్వకీయపరిశోధనమునకై చిత్రించుకొనుట కనుమతి కలిగినది. పది దినముల సెలవుపై వెళ్లిన పండితుఁడు నేఁడు వేయి పత్రముల ప్రతిబింబములతోఁ దిరిగి రాఁగలఁడు. ఆతఁడు వచ్చుట నిశ్చయమే. ఆ ప్రతిబింబము లన్నియు నాతనితోఁ దిరిగి వచ్చునా యనునదియే విచార్యము.

గ్రంథాలయమువారే తమ ప్రతులను జిత్రించి వెబ్‌సైటునందుఁ బెట్టుచుండఁగా యాత్రికునకీ శ్రమ యేల యని కొంద రడుగుదురు. దీనికి 2023వ సంవత్సరము అక్టోబరు నెల కడపట జరిగిన సంగతియే సమాధానము. ఆ నెల 28వ తేదీని బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటరులపై సైబరుదొంగలు దాడిచేసి, వానిలోని సమాచారమును బంధించి ధనమడిగిరి. గ్రంథాలయమువా రీయ నిరాకరించిరి. వ్రాఁతప్రతులకు హాని కలుగలేదు. కాని ప్రధానసూచిక సైతము 2024 జనవరి వఱకు వెబ్‌సైటునఁ గానరాలేదు. డిజిటల్ ప్రతు లంతకంటెను జిరకాలము మూఁతపడి యుండెను. ఇచ్చటి పాఠకునకు గ్రంథములు లేనట్లే యాయెను. పూర్వమే తీసికొన్న చిత్రములు గలవాఁడు మాత్రము పని సాగించుకొనఁగలిగెను. కావున స్వహస్తమునఁ దీసిన చిత్రము సౌకర్యము మాత్రమే కాదు. అది యొక ప్రత్యంతరము.

ముందుగా పరిమాణమును దెలిసికొనవలయును. రెండువందల యాకుల తాళపత్రగ్రంథమునకు నాలుగువందల పుటలు. పుట కొక్క చిత్రము చొప్పునఁ దీసి, చిత్రము 5 మెగాబైట్లనుకొన్నచో మొత్తము 2 జీబీలగును. సంస్కరింపని రా రూపమునఁ దీసినచో నొక్కొక్కటి 25 మెగాబైట్లవఱకు నుండును. అపుడు గ్రంథమొక్కటికే 10 జీబీలు కావలయును. 64 జీబీల కార్డును గంప్యూటరునఁ బెట్టఁగా 59.6 మాత్రమే చూపునని కొనినవాఁడు మోసపోయితినని యనుకొనును. మోసము లేదు. తయారుచేయువారు వేయింటి చొప్పునను, కంప్యూటరు 1024 చొప్పునను లెక్కించుటచేతనే యీ భేదము. 256 జీబీల పెద్దకార్డొకటి కొనుటకంటె 64 జీబీలవి నాలుగు కొనుట మేలు. ఒక్కటి చెడినను దక్కిన మూఁడు మిగులును.

రూపవిషయమునఁ గూడ నొకమాట. 1992లో ప్రమాణముగా నేర్పడిన జేపెగ్ పద్ధతి చిత్రమును గుదించును. కుదించునపుడు కంటికంతగాఁ దెలియని యంశములను విడిచివేయును. ఒకమాఱు విడిచినది మరల రాదు. ఆ చిత్రమును దెఱచి, దిద్ది, మరల జేపెగుగా నిలిపిన కొలఁదిని నష్టము పెరుగుచుండును. లేఖకుఁడొకఁడు వ్రాసిన ప్రతిని జూచి మఱియొకఁడు, వానిదానిని జూచి వేఱొకఁడు వ్రాయఁగా పాఠము చెడుటతో దీనిని బోల్పవచ్చును. కాని తెఱచి దిద్దక ఫైలును ఉన్నదున్నట్లు ప్రతి తీసినచో వేయవ ప్రతియు మొదటిదానితో సమానమే. ఈ సౌభాగ్యము తాటాకునకు లేదు. వాట్సాపులో ఫొటోగాఁ బంపిన చిత్రము మిక్కిలి కుదియును. వట్రుసుడి యున్నదో లేదో తెలియని స్థితి వచ్చును. దానినే డాక్యుమెంటుగాఁ బంపినచో యథాతథముగాఁ జేరును.

ప్రయాణమునఁ దఱచుగా సంభవించు నాపద, కార్డులోని చిత్రములు పొరపాటునఁ దుడుచుకొనిపోవుట. ఇచ్చట వైయాకరణులకుఁ బరిచితమైన యొక భావము మిక్కిలి యుపకరించును. పాణిని మతమున లోపమనఁగా నాశము గాదు, అదర్శనము మాత్రమే. కెమెరాకార్డులలో జరుగు తుడుపు సరిగా నిట్టిదే. కార్డునందు మొదట నొక విషయసూచిక యుండును; ఏ చిత్ర మే తావున మొదలగునో యందు వ్రాయఁబడి యుండును. తుడువుమని యాజ్ఞ యీయఁగానే యంత్రము సూచికలోని పేరునకుఁ గొట్టివేఁతగుర్తు పెట్టి, ఆ తావు ఖాళీ యని వ్రాసికొనును. చిత్రమున్న తావును మాత్ర మంటదు. పైపైని జేయు ఫార్మాటు సైతము సాధారణముగా సూచికను గ్రొత్తగా వ్రాయుటయే. కావున సూచికను నమ్మక తావు తావును వెదకు ప్రోగ్రాములచేఁ జిత్రములను మరల రాఁబట్టవచ్చును. అయితే లోపించినదాని తావునఁ గ్రొత్త చిత్రము వచ్చి కూర్చున్నచో నది లోపము గాదు, ఆదేశము. ఆదేశము శత్రువువంటిదను పాఠశాలామాట యిచ్చట నక్షరాల నిజము. స్థాని మఱి కానరాదు. అందుచేఁ దుడుపు జరిగినదని తెలిసిన క్షణముననే కార్డును గెమెరానుండి తీసివేయవలయును. పరీక్షకై యింకొక్క చిత్రమైనను దీయరాదు. ఊరికిఁ దిరిగి వచ్చిన పిమ్మట నిదానముగా వెదకించుకొనవచ్చును.

ఈ యుత్సర్గమున కపవాదము కలదు. సెల్‌ఫోను లోపలి జ్ఞాపకమునందును, ఎస్.ఎస్.డి. యను డిస్కులందును ఖాళీయైన తావును యంత్రమే కొంతసేపటికి నిజముగాఁ దుడిచివేయును. అచ్చట లోపము నాశమే. ఫోనులలోఁ దొలఁగించిన చిత్రములను గొన్నాళ్లు దాఁచియుంచు బుట్ట యొకటి యుండునుగాని, గడువు దాఁటినచో దానిపై నాశ పెట్టుకొనరాదు.

ఇఁక సంజ్ఞావిషయము. కెమెరాలు తమ చిత్రములకు నాలుగక్షరములును నాలుగంకెలును గల పేరు పెట్టును. 9999 తరువాత మరల 0001 వచ్చును. రెండు కార్డులలోను, రెండు కెమెరాలలోను ఒకే పేరు గల భిన్నచిత్రము లుండుట సహజము. వానిని దెచ్చి యొకే ఫోల్డరులోఁ బోసి, కంప్యూటరడిగిన ప్రశ్నకుఁ జదువకయే ఔనని యొత్తినచో మొదటిది పోయి రెండవది నిలుచును. దీనివలనఁ గలుగు నష్టము తుడుపువలనఁ గలుగుదానికంటెను ఘోరము. ఏలయన జరిగినట్లే తెలియదు. కావునఁ గార్డునకొక ఫోల్డరు, దినమునకొక ఫోల్డరు నుంచి, ఆ రాత్రియే పేరులు మార్చుకొనవలయును. గ్రంథాలయము, ప్రతిసంఖ్య, ఆకుసంఖ్య, ముందువైపో వెనుకవైపో యనునవి యీ వరుసనే పేరునందుండవలయును. ఆకుసంఖ్యను 2, 10 అని గాక 002, 010 అని వ్రాయవలయును. పెక్కు యంత్రములు సంఖ్యను సంఖ్యగాఁ గాక యక్షరవరుసగాఁ జూచి 10ని 2కు ముందు నిలుపును. ప్రతి గ్రంథమునకును మొదటి చిత్రముగా ప్రతిసంఖ్య వ్రాసిన చీటిని దీయుట మంచిది. పేరు మాఱినను, ఫోల్డరు చెదరినను ఆ చీటి సాక్ష్యమిచ్చును. కెమెరా గడియారమును సైతము యాత్రకు ముందే సరిచూడవలయును. ఒక యంత్రము మనదేశపు కాలమును, మఱియొకటి లండను కాలమును జూపుచుండఁగాఁ దీసిన చిత్రములను గాలక్రమమునఁ బేర్చినచో, శీతకాలమునందైదున్నర గంటలు, వేసవియందు నాలుగున్నర గంటలు తేడా వచ్చి యాకులు తారుమాఱగును.

ఎన్ని ప్రతులుంచవలయును? మూఁడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి వేఱుచోట నను నియమమును అమెరికా ఛాయాగ్రాహకుఁడు పీటర్ క్రోగ్ ప్రచారము చేసెను. ఈ నియమము మనవారికి వింత కాదు. సి.పి. బ్రౌను కడపలోఁ బండితులను నియమించి యొక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి వ్రాయించుటలోని వివేకమిదియే. యాత్రలో మూఁడనఁగా: కార్డునందలి మూలము, ల్యాప్‌టాపులోని ప్రతి, విడి డిస్కులోని ప్రతి. కాని ల్యాప్‌టాపును డిస్కును గార్డులును ఒకే సంచిలోఁ బెట్టినవాఁడు మూఁడు ప్రతులున్నవని సంతసించుట వ్యర్థము. దొంగ దృష్టిలో నది యొకటే ప్రతి. డిస్కు పెట్టెలోను, కార్డులు జేబులోను, ల్యాప్‌టాపు చేతిసంచిలోను ఉండవలయును. ఆ నగరముననే నమ్మకమైన మిత్రుఁడున్నచో నొక ప్రతిని వారి యింటనుంచి వచ్చుట యన్నిటికంటె మేలు.

మిత్రుఁడు లేనిచోట క్లౌడ్ అను దూరభాండారము దిక్కగును. ఇందు జాగ్రత్తపడవలసిన విషయములు పెక్కు. గూగుల్ ఫొటోసువా రుచితముగా నపరిమితముగా నిలుపు పద్ధతిని 2021 జూన్ 1వ తేదీనుండి విరమించిరి. నేఁడుచితముగా నిచ్చునది 15 జీబీలే. అందే మెయిలుకును బాలు కలదు. చిత్రములచే నది నిండెనేని యుత్తరములు రాకపోకలు నిలిచిపోవును. పరదేశముననున్నవాని కిది చిన్న చిక్కు కాదు. ఆపిలువారి ఐక్లౌడునం దుచితముగా వచ్చునది 5 జీబీలు. ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ సేవలు పెక్కింట బింబప్రతిబింబన్యాయము నడచును. ఫోనునఁ జోటు లేదని యందలి చిత్రమును దుడిచినచో దూరభాండారమునందలిదియుఁ దుడుచుకొనిపోవును. అది ప్రతిబింబమేకాని ప్రత్యంతరము గాదు. గూగులునందు బుట్టలో 60 దినములును, ఐక్లౌడునందు 30 దినములును నిలుచును. ఆ పిమ్మట లేదు. ఫోనులోఁ జోటు కావలసినవాఁడు ఫోనుకాపీని మాత్రమే తొలఁగించు మార్గమును వెదకవలయును.

పంపుటకుఁ బట్టుకాలము మఱియొక విషయము. బసలోని వైఫై సెకనునకు 5 మెగాబిట్ల చొప్పునఁ బంపునేని 10 జీబీలకు దాదాపు నాలుగున్నర గంటలు పట్టును. మెగాబిట్టు వేఱు, మెగాబైటు వేఱు; బైటునకెనిమిది బిట్లు. దీనిని మఱచి లెక్కించినవాఁడు విమానమునకు వెళ్లువేళను సగము పంపి దిగులుపడును. చైనాకు వెళ్లువా రచ్చట గూగుల్ సేవలు నిరోధింపఁబడినవని ముందే యెఱిఁగి, వేఱు భాండారమును గుదుర్చుకొనవలయును.

పరదేశమునఁ బ్రవేశసంకేతము విషయమున వచ్చు చిక్కు మఱియొకటి. క్రొత్త దేశమునుండి లోనికిఁ బోఁ జూచినచో సేవకర్తలు శంకించి ఓటీపీ యడుగుదురు. అది మనదేశపు సెల్‌ఫోను సంఖ్యకు వచ్చును. రోమింగు లేక ఆ సిమ్మును దీసి యచ్చటి సిమ్మును వేసికొనినవానికి భాండారద్వారము తెఱవఁబడదు. గూగుల్ ఖాతావా రొకమాటు పది యత్యవసరసంఖ్యల నిత్తురు. వానిని బయలుదేరుటకు ముందే కాగితముపై వ్రాసికొని, ఫోనుతోఁ గాక వేఱుచోట నుంచుకొనుట క్షేమము.

ప్రతి సరిగా వచ్చినదా యని తెలిసికొనుట యెట్లు? పూర్వము లేఖకులు గ్రంథాంతమున ముప్పదిరెండక్షరముల కొక గ్రంథము చొప్పున గ్రంథసంఖ్యను వేయుచుండిరి. వేదపాఠకులు పద, క్రమ, జటా, ఘనపాఠములచే నొక యక్షరమైనను జాఱకుండఁ గాపాడిరి. నేఁటి షా-256 యను లెక్క యీ జాతిలోనిదే. అది యెంత పెద్ద ఫైలునకైనను 64 గుర్తులు గల యొక ముద్రనిచ్చును. ఫైలునం దొక్క బిట్టు మాఱినను ముద్ర పూర్తిగా మాఱిపోవును. కార్డులోని ఫైలు ముద్రయు డిస్కులోని ఫైలు ముద్రయు నొకటియేయైనచో ప్రతి నిర్దుష్టము. గ్రంథసంఖ్యకంటె నిది కఠినపరీక్ష. అక్షరములు తారుమాఱైనను గ్రంథసంఖ్య చెడదు గదా. ఈ లెక్కను జేయు ప్రోగ్రాములు వెలలేకయే దొరకును. అది చేయ నోపికలేనివాఁడు కనీసము ఫైలుల సంఖ్యను, మొత్తము పరిమాణమును సరిచూచి, మొదటి, నడిమి, కడపటి చిత్రములను దెఱచి చూడవలయును. చిన్నబొమ్మ కనఁబడినంతమాత్రమునఁ జాలదు. చిన్నబొమ్మ చక్కగానుండి లోపలి చిత్రము సగము బూడిదరంగుగా నుండుట కలదు.

విమానాశ్రయపు ఎక్స్‌రేచే పూర్వపు ఫిల్మునకువలెఁ గార్డులకు హాని లేదు. పవర్‌బ్యాంకులను మాత్రము సరుకుపెట్టెలోఁ బెట్టనీయరు, చేతిసంచిలోనే యుంచుకొనవలయును. ఇంటికిఁ జేరిన పిమ్మట ల్యాప్‌టాపు ప్రతియు, డిస్కుప్రతియు, దూరభాండారపుఁ బ్రతియుఁ బరస్పరము సరిపోయినవని ముద్రలచేఁ దేలినదాఁక కార్డులను ఖాళీ చేయరాదు. ఆ తరువాతనైనను గెమెరాలోనే ఫార్మాటు చేయుట మంచిది. కార్డును తన పద్ధతిని సిద్ధపఱచుకొనుట కెమెరాకే బాగుగాఁ దెలియును.