పాటల పోటీలో తీర్పు



గడచిన వేసవిలో నేనొక శుభకార్యమునకై భీమడోలు వెళ్లి, తిరుగు రైలు ఆలస్యమగుటచే స్టేషనులో చెట్టుక్రింది బల్లపై కూర్చుండి యుంటిని. కొల్లేటి లంకగ్రామపు పెద్దమనిషి యొకరు నన్ను ఆనవాలు పట్టి, వచ్చి ప్రక్కను కూర్చుండిరి. ఏలూరిలో ముప్పది సంవత్సరములు పిల్లలకు సంగీతము చెప్పినవాడ నగుటచే ఆ ప్రాంతమున నన్ను పాటల మాస్టారందురు. కుశలప్రశ్నలు ముగియకమునుపే ఆయన, "మాస్టారూ, మొన్న రాత్రి టీవీలో ఆ పిల్ల అంత బాగా పాడిందే, మరి ఇంటికెందుకు పంపించేశారండీ?" అని, ఆ పంపినవాడను నేనే యన్నట్లు అడిగిరి.

ఆ ప్రశ్నవెనుక మరియొక ప్రశ్న గలదని కొంతసేపటికి గాని నాకు తెలియలేదు. ఆయన మనుమరాలికి పండ్రెండేండ్లు. టెలివిజను ముందు కూర్చుండి పాటలు నేర్చినది; బాగుగ పాడునని ఊరంతయు మెచ్చుకొనుచున్నారు. పట్టణమునుండి యెవరో వచ్చి, పిల్లను హైదరాబాదు తీసికొనిపోయి పోటీలో నిలబెట్టెదమనియు, దుస్తులకు, బసకు, ఓట్లకు ఇంత కావలెననియు ఒక మొత్తము చెప్పిపోయిరట. 2006లో ప్రభుత్వము కొల్లేటిలోని చేపల చెరువుల గట్లు తెగగొట్టించినప్పుడు ఈయన వాటా చెరువు పోయినది. మిగిలినది అరెకరము పొలము. దానిని తాకట్టు పెట్టవచ్చునా యనునది ఆయన అసలు సందేహము.

మొదటి ప్రశ్నకు సమాధానము బల్లమీదనే కొంత చెప్పితిని. రెండవదానికి చెప్పలోపల రైలు వచ్చినది. ఇట్టి ప్రశ్న ఒక్కరిదే కాదు గనుక, నాకు తెలిసినంతవరకు మీకందరకును నేడు మనవి చేసెదను.

మన పల్లెలకు పాటల పోటీ క్రొత్తది కాదు. శ్రీరామనవమి పందిళ్లలో రెండు భజనబృందములు తెల్లవారువరకు ఎదురెదురుగ పాడుట మీరెరుగుదురు. అచ్చట తీర్పు చెప్పుటకు వేరే మనిషి యుండడు. పాట బాగుగనున్న ముసలివారు కూర్చుందురు. లేనిచో లేచి పోవుదురు. టెలివిజను పోటీలో మాత్రము తీర్పునకు ఒక పద్ధతి కావలసి వచ్చినది. ఆ పద్ధతులు రెండు. ఒకటి తెలిసినవాని చెవి; రెండవది చూచువారి ఓటు. పోటీ చూచునప్పుడు ఈ రెంటిలో ఏది నడచుచున్నదో మనవారు గమనింపరు. చిక్కంతయు అందుండియే పుట్టుచున్నది.

చెవి పద్ధతికి తెలుగునాట గొప్ప నిదర్శనము 1996లో ఈటీవీలో ఆరంభమైన "పాడుతా తీయగా". 1964లో వచ్చిన "మూగమనసులు" చిత్రములో ఆత్రేయగారు వ్రాయగా, మహదేవన్‌గారు బాణీ కట్టగా, ఘంటసాలగారు పాడిన పాటనుండి ఆ పేరు గ్రహించిరి. దానిని నడపినవారు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు. ఉష, మల్లికార్జున్, గోపికాపూర్ణిమ మొదలగువారు ఆ వేదికమీద పాడి తరువాత సినిమా గాయకులైరి. 2020 సెప్టెంబరు 25వ తేదీన బాలుగారు పరమపదించిన పిమ్మట వారి కుమారులు చరణ్‌గారు ఆ కార్యక్రమమును చేపట్టిరి.

బాలుగారు కూడ పోటీలోనుండి వచ్చినవారే. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతికసంస్థ ఔత్సాహిక గాయకులకు పెట్టిన పోటీలో ఆయనకు ప్రథమ బహుమతి లభించినది. ఆ కంఠమును గుర్తించినవారు సంగీతదర్శకులు కోదండపాణిగారు. 1966 డిసెంబరులో తొలి సినిమా పాట పాడించినవారును వారే. తరువాత బాలుగారు మద్రాసులో తాను నెలకొల్పిన రికార్డింగు శాలకు కోదండపాణిగారి పేరే పెట్టుకొనిరి. బహుమతి యిచ్చిన సభ పేరు నేడు చాలమందికి తెలియదు. విన్నవాని పేరు గోడమీద నిలిచినది.

ఇక ఆ చెవి యేమి వినును? మొట్టమొదట శ్రుతి. సినిమా పాటను పెద్దవారు తమ కంఠమునకు తగిన శ్రుతిలో పాడియుందురు. పదేండ్ల పిల్ల ఆ శ్రుతినే పట్టుకొని పైస్థాయికి పోవునప్పుడు మెడనరములు ఉబ్బును. ఇంటిలో మనము దానిని చూచి "ఎంత కష్టపడి పాడుచున్నదో!" యని మురిసిపోవుదుము. తెలిసినవాడు భయపడును. పాట కష్టపడి పాడవలసినది కాదు. అట్లు పాడినచో శ్రుతి తప్పు పెట్టుకొన్నారనియే అర్థము. శ్రుతి దించుకొనుట పరాజయమని పిల్లలు అనుకొనుచున్నారు. వారికంటె తలిదండ్రులు ఎక్కువగ అనుకొనుచున్నారు.

రెండవది ఉచ్చారణ. "కల" వేరు, "కళ" వేరు. శ, ష, స లు మూడును మూడు అక్షరములు. పాటలో అవి కలిసిపోయినచో వ్రాసినవాని శ్రమ బూడిదలో పోసినట్లే. బాలుగారు పిల్లలను ఆపి ఒక్క వత్తును గూర్చి యెంతో సేపు చెప్పుట నేను చాలమారులు చూచితిని. కొందరికి విసుగు పుట్టియుండును. నాకు మాత్రము ఆ సమయమున ఇంటిలో ఎవరైనను మాటలాడినచో కోపము వచ్చెడిది.

మూడవది ఊపిరి. దీనిని బల్లమీద ఆ పెద్దమనిషికి ఇట్లు చెప్పితిని: "పెండ్లియింట తోరణము కట్టిరి" అని పాడవలసియున్నది. పిల్లకు "తో" వద్ద ఊపిరి చాలలేదు. ఆగి, గాలి పీల్చుకొని, "రణము కట్టిరి" అన్నది. పెండ్లియింట యుద్ధము వచ్చినది! శ్రుతి బాగున్నది, లయ బాగున్నది, గొంతు తేనె. అయినను తప్పు తప్పే. ఇంటిలోనున్న మనకు అది వినబడదు. ఏలయన మనకు ఆ పాట ముందే వచ్చును. పిల్ల విరిచిన మాటను మన మనస్సే అతికించుకొనును. ఆయన మొలత్రాడు కదలునట్లు నవ్విరి.

ఒక చిన్న విషయము. మీరు ఈ రాత్రి చూచు పాట ఈ రాత్రి పాడినది కాకపోవచ్చును. ఒకటి రెండు దినములలో పలుభాగములు చిత్రించి వారమున కొకటి చొప్పున ప్రసారము చేయుట వాడుక. పిల్లలు ప్రొద్దుననగా దీపములక్రిందికి వచ్చి, వరుస వచ్చువరకు కూర్చుండి, అలసియున్నప్పుడు పాడవలసి వచ్చును. ఇంటికి పోయిన పిల్ల మీరు కన్నీరు పెట్టుకొను నాటికి బడికి పోవుచునే యుండవచ్చును.

ఇక ఓటు. ఈ పద్ధతి ఇంగ్లండులో 2001లో వచ్చిన "పాప్ ఐడల్" అను పోటీతో పేరుకెక్కి, 2004లో "ఇండియన్ ఐడల్" అను పేర మన దేశమునకు వచ్చినది. న్యాయనిర్ణేతలు కొంతవరకు వడపోసిన పిమ్మట, ఎవరుండవలెనో చూచువారే సెల్‌ఫోను ద్వారా తెలుపుదురు. ఆ సందేశములకు మామూలు సందేశముకంటె హెచ్చు రుసుము వసూలు చేసెడివారు. ఒకే మనిషి యెన్ని ఓట్లయినను వేయవచ్చునని పెట్టిన పోటీలు గలవు. పంచాయతీ ఎన్నికలో మనిషికి ఒక్క ఓటు. ఇచ్చట చేతిలోని పైకమెంతో ఓట్లంత.

2006లో మన తెలుగువాడు కారుణ్య ఆ పోటీ చివరిమెట్టువరకు పోయి, ఓట్లలో రాజస్థానపు సందీప్ ఆచార్యకు వెనుకబడెను. 2007లో డార్జిలింగు కొండలవాడు ప్రశాంత్ తమాంగ్ కొరకు ఆ కొండజనము చందాలు పోగుచేసి, వీథులలో బల్లలు వేసి ఓట్లు వేయించిరి, అతడు గెలిచెను. 2010 ఆగస్టు 15న మన శ్రీరామచంద్రయు, 2017లో రేవంతును అదే పోటీలో గెలిచిరి. 2022లో ఆ పోటీ తెలుగులోనే జరుగగా నెల్లూరి అమ్మాయి వాగ్దేవి గెలిచినది. వీరు పాడలేనివారని నేననుట లేదు, నిక్షేపముగ పాడగలవారు. చెవి వడపోసిన తరువాత ఓటు వచ్చినచో పెద్ద హాని లేకపోవచ్చును. కాని ఓటు పాటను వినదు. ఊరిని వినును, కులమును వినును, కన్నీటిని వినును. నాకిది ఎట్లు తెలిసినదో చెప్పవలసియున్నది.

పదునైదేండ్ల క్రిందట తాడేపల్లిగూడెమునుండి ఒక బాలుడు నా వద్దకు వచ్చి నేర్చుకొనెడివాడు. మంచి కంఠము. ఒక టెలివిజను పోటీలో ఎన్నికయ్యెను. అప్పటికి వానికి పదునాలుగేండ్లు నడచుచున్నవి, కంఠము మారుచున్నది. చరణములో పైషడ్జము చేరునప్పుడు గొంతు చీలుచుండెను. గురువును గదా, నాకు అది అందరికంటె ముందు వినబడినది. ఆరునెలలు ఊరకుండుమని చెప్పవలసినవాడను. చెప్పలేదు. నా శిష్యుడు టెలివిజనులో కనబడుచున్నాడను సంతోషము నా నోరు మూసివేసినది.

అంతటితో ఆగితినా? ఓట్లదశ రాగా నేనే తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో కొట్టు కొట్టుకు తిరిగి, "మన ఊరి కుర్రవాడు" అని చెప్పి చందాలు పోగుచేసితిని. వర్తకులు ఉదారులు, పద్దులు చూచుకొనుచునే నోట్లు తీసి యిచ్చిరి. ఆ పైకముతో కుర్రవాని స్నేహితులు రాత్రులు మేల్కొని సందేశములు పంపిరి. మా వాడు రెండువారములు నిలిచెను. ఆ రెండువారములలో మొదటి వారమున ఇంటికి పోయినది మరియొక జిల్లా బాలిక. ఆమె నాటి పాటలో శ్రుతి గాని మాట గాని ఒక్కచోట తప్పలేదు. నా చెవి ఆమెకు వేసిన మార్కులు నాకు తెలియును. ఆ పిల్ల కండ్లు తుడుచుకొనుచు వేదిక దిగుట చూచుచు నేను చప్పట్లు కొట్టితిని.

కనుక భీమడోలు స్టేషనులో ఆయన అడిగిన ప్రశ్నకు నిజమైన సమాధానము నేనే. అట్టి పిల్లలను ఇంటికి పంపినవారిలో నేనొకడను.

మా వాడు మూడవవారమున పడిపోయెను. వేదికమీదనే కంఠము రెండు ముక్కలైనది. ఊరికి వచ్చిన పిమ్మట రెండేండ్లు నోరు తెరచి పాడలేదు. ఇప్పుడొక ఆఫీసులో ఉద్యోగము చేసికొనుచున్నాడు. పండుగకు వచ్చి పాదములకు నమస్కరించును. పాట మాట నే నెత్తను.

ఓడిపోవుటయే చెడుగని కాదు. కొల్లేటికి పడమటనున్న గుడివాడ దాపున చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్నతనమున విద్వాంసులతో పోటీపడి ఓడి నవ్వులపాలైరని వారి జీవితచరిత్రలలో చెప్పుదురు. ఆ బాలుడు తరువాత చేతియుంగరము అమ్ముకొని విజయనగరము చేరి, మధుకరము ఎత్తుకొని తినుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారివద్ద సంగీతము నేర్చెను. ఆ ఓటమిలో ఆయనకు తన పాటలోని లోపము తెలిసినది. ఓట్లతో ఓడిన పిల్లకు ఏమి తెలియును? జనము తనను వలదనుకొన్నారని మాత్రము తెలియును. ఎచ్చట ఊపిరి తప్పినదో చెప్పువారుండరు.

మీ యింటి పిల్లను ఎవరైనను పోటీకి రమ్మన్నచో పోనిండు, ముసలివారము అడ్డుపడనక్కరలేదు. కాని తీర్పు ఎవరిదో ముందుగ కనుగొనుడు. ప్రవేశమునకు పైకమడుగు మధ్యవర్తిని గుమ్మము దాటనీయకుడు. సంతకము పెట్టుమని యిచ్చు కాగితమును చదువుకొన్నవారిచేత రెండుమారులు చదివించుకొనుడు. మగపిల్లవాడై మీసకట్టు వచ్చు వయస్సైనచో ఒక యేడు ఆగుడు.

ఆ పెద్దమనిషి నెలదినముల పిమ్మట మనుమరాలిని వెంటబెట్టుకొని బస్సులో ఏలూరు వచ్చిరి. పిల్ల సన్నగా, బెదరుచూపులతో నున్నది. శ్రుతిపెట్టె తీసి పాడుమంటిని. సినిమాలోని శ్రుతినే పట్టినది, మెడనరము కనబడినది. రెండు మెట్లు దించితిని. మొదట ముఖము చిన్నబుచ్చుకొన్నది గాని, పల్లవి రెండవమారు వచ్చునప్పటికి కంఠము నీటిమీద దోనెవలె సాగినది. నిజముగ మంచి కంఠము. రెండవ చరణములో ఒకచోట మాట విరిగినది. నేను నోరు తెరచులోపలనే తాతగారు, "రణం కట్టేసిందండీ!" అనిరి.

తాకట్టు సంగతి నేనడుగలేదు, ఆయన చెప్పలేదు. పోవునప్పుడు మాత్రము ఆదివారము ప్రొద్దుట ఆకివీడు బస్సు ఎన్ని గంటలకు వచ్చునో విచారించి, మనుమరాలి చేయి పట్టుకొని మెట్లు దిగిరి.