మీకు తెలుసా? గ్రహాంతర భాషలో రాక్ గిటారు!

‘స్టార్ ట్రెక్’ సినిమాల్లో క్లింగాన్లు గ్రహాంతరవాసులైన భీకర యోధులు. వాళ్ల భాషా అలాగే ఉంటుంది, గొంతు చించుకుంటున్నట్టు. 1984లో వచ్చిన మూడో సినిమా కోసం దానికి వ్యాకరణం, పదజాలం సమకూర్చినవాడు అమెరికన్ భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్. మరుసటి ఏడే నిఘంటువు కూడా అచ్చయింది. అంత కరుకు మాటల్లో ఆయన ఎంత అల్లరి దాచాడో చూస్తే ముచ్చటేస్తుంది.

క్లింగాన్లు వాయించే ఒక తీగవాద్యం పేరు ‘లెష్పాల్’. గబగబా పలకండి, లెస్ పాల్ వినిపిస్తాడు! గిబ్సన్ కంపెనీ 1952లో ఆ సంగీతకారుడి పేరుతోనే ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. రాక్ బృందం లెడ్ జెపెలిన్ పాటల్లో జిమ్మీ పేజ్ చేతిలో హోరెత్తింది అదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది చేప. క్లింగాన్‌లో దాన్ని ‘ఘోటి’ అంటారు. ఇంగ్లిష్ స్పెల్లింగుల మీద ఓ పాత వెక్కిరింత ఉంది: ‘ఎనఫ్’లోని జీ-హెచ్‌ను ‘ఫ’గా, ‘విమెన్’లోని ఓను ‘ఇ’గా, ‘నేషన్’లోని టీ-ఐను ‘ష’గా పలికితే, జీ-హెచ్-ఓ-టీ-ఐ అని రాసి ‘ఫిష్’ అని చదువుకోవచ్చు! ఇది బెర్నార్డ్ షా చమత్కారమని చాలామంది చెబుతారు గానీ, ఆయన పుట్టకముందే, 1855 నాటి ఒక ఉత్తరంలోనే ఉంది. ఓక్రాండ్ ఆ అక్షరాలనే తెచ్చి, ఉన్నవి ఉన్నట్టు పలికే చేపను చేశాడు.

బూటుకు క్లింగాన్ మాట ‘డాష్’. 1981 నాటి జర్మన్ జలాంతర్గామి సినిమా ‘దాస్ బూట్’ గుర్తొచ్చిందా? ఈ ‘డ’, ‘ష’లను నాలుక వెనక్కి మడిచి పలకాలి. ఇంగ్లిష్ వాళ్లకు కష్టం, మనకు పుట్టుకతో వచ్చిన విద్య. కాఫీ ‘కావిన్’, అందులో కెఫీన్ వాసన. ‘జత’కు ‘చాంగెంగ్’: 1811లో సయాంలో ఒకరికొకరు అంటుకుని పుట్టిన కవలలు చాంగ్, ఎంగ్‌ల పేర్లే అవి.

అభిమానులు ఏదైనా కొత్త మాట అడిగితే ఓక్రాండ్ తాను కల్పించానని ఒప్పుకోడు. మూడో సినిమాలో బందీగా చిక్కిన మాల్ట్జ్ అనే క్లింగాన్‌ను అడిగి చెబుతానంటాడు.