బతికున్నానంటే నమ్మరే!

'నేను చచ్చిపోలేదు మహాప్రభో' అంటూ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు కొందరు. చచ్చిపోయినట్టు అందర్నీ నమ్మించి పక్కింట్లో హాయిగా టీ తాగినవాళ్లు మరికొందరు. ప్రాణం పోవడానికి ఒక్క క్షణం చాలు. పోయిందని కాగితం మీద రాసేశాక దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే మాత్రం ఒక్కోసారి పద్దెనిమిదేళ్లు కూడా పడుతుంది!

చిత్రగుప్తుడి చిట్టాలో తప్పు దొర్లితే ఎంత గొడవో మన సినిమాలు చాలాసార్లు చూపించాయి. హాల్లో కూర్చుని పడీపడీ నవ్వాం కూడా. అయితే యమలోకంలో ఓ సౌకర్యం ఉంది. పొరపాటున తీసుకొచ్చామని తెలిస్తే నాలిక్కరుచుకుని వెనక్కి పంపించేస్తారు. భూలోకంలో ఆ సౌకర్యం లేదు. ఇక్కడి చిత్రగుప్తులు ఒకసారి రాశారంటే రాసినట్టే. మనిషి ఎదురుగా నిలబడి దగ్గినా, తుమ్మినా, బల్ల గుద్ది అరిచినా రికార్డు మాత్రం నమ్మదు. నమ్మకపోతే ఆజంగఢ్ వెళ్లి లాల్ బిహారీ కథ వినాల్సిందే.

అప్పు కోసం వెళితే...

ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో చీరలు నేసుకుని బతికే యువకుడు లాల్ బిహారీ. మగ్గం పని కాస్త పెంచుకుందామని బ్యాంకు అప్పు కోసం బయల్దేరాడు. అప్పు కావాలంటే భూమి కాగితాలుండాలి కదా. వాటికోసం రెవెన్యూ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి ఉద్యోగి దస్త్రం తిరగేసి చల్లగా ఓ కబురు చెప్పాడు. రికార్డు ప్రకారం లాల్ బిహారీ 1976లోనే కన్నుమూశాడట! ఆ మాట వింటున్నది లాల్ బిహారీయేనని ఎంత చెప్పినా లాభం లేకపోయింది.

ఎకరం కూడా లేని ఆ భూమి మీద కన్నేసిన చిన్నాన్న, రెవెన్యూ సిబ్బందికి మూడొందల రూపాయలు ముట్టజెప్పి అబ్బాయిని పైకి పంపించాడన్నది ఆ తర్వాత బయటపడిన సంగతి. మందూ మాకూ లేకుండా, రక్తం చుక్క కారకుండా, ఓ పెన్ను గీతతో జరిగిపోయిన హత్య అది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారే, అలా యముడు వదిలేసిన మనిషిని గుమాస్తా వదల్లేదు.

మామూలు మనిషైతే కొన్నాళ్లు తిరిగి విసుగొచ్చి ఊరుకునేవాడే. లాల్ బిహారీ ఊరుకోలేదు. చచ్చినవాడికి భయమేముంటుంది? తను బతికున్నట్టు ప్రభుత్వం చేతే ఎక్కడో ఒకచోట రాయించాలన్నది అతని పట్టుదల. పోలీసులు కేసు పెడితే నిందితుడిగానైనా పేరెక్కుతుంది కదా అని బంధువుల పిల్లాణ్ని ఎత్తుకెళ్లాడు. అవతలివాళ్లు అంతకన్నా గడుసువాళ్లు. ఫిర్యాదు చేస్తే 'చచ్చినవాడు' బతికున్నట్టు ఒప్పుకున్నట్టే కదా! అందుకే నోరు మెదపలేదు. చేసేది లేక పిల్లాణ్ని తిరిగి పంపించేశాడు.

ఇది కాదని ఇంకో ఎత్తు వేశాడు. తన భార్యకి వితంతు పింఛను ఇమ్మని దరఖాస్తు చేయించాడు. తను చచ్చింది నిజమైతే పింఛను ఇవ్వాలి, లేదంటే బతికున్నట్టు రాయాలి. ప్రభుత్వం రెండూ చేయలేదు. 1986లో ఏకంగా లక్నోలోని శాసనసభలోకి వెళ్లి కరపత్రాలు విసిరాడు. పట్టుకున్నారు, కూర్చోబెట్టారు, పంపించేశారు. ఆ తర్వాత ఎన్నికల మీద పడ్డాడు. 1988లో అలహాబాద్ ఉపఎన్నికలో వీపీ సింగ్ మీద, 1989లో అమేఠీలో రాజీవ్ గాంధీ మీద పోటీచేశాడు. గెలుస్తానని కాదు, నామినేషన్ తీసుకుంటే మనిషిగా గుర్తించినట్టవుతుందని!

ఈ హడావుడిలోనే తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది. ఎవరి కథ విన్నా ఒకటే. కాస్త భూమి, దాని మీద కన్నేసిన అయినవాళ్లు, చేతులు తడిస్తే పని కానిచ్చే ఉద్యోగి. వాళ్లందర్నీ కూడగట్టి 'మృతక్ సంఘ్' పెట్టాడు. అంటే చచ్చిపోయినవాళ్ల సంఘమన్నమాట. తన పేరు చివర కూడా 'మృతక్' అని తగిలించుకున్నాడు. మనవాళ్లు ఇంటిపేరు పక్కన డిగ్రీ రాసుకున్నట్టు!

ఎట్టకేలకు 1994లో అధికారులు రికార్డు సరిదిద్దారు. చచ్చిన పద్దెనిమిదేళ్లకు లాల్ బిహారీ బతికాడు. 2003లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన 'ఇగ్ నోబెల్' శాంతి బహుమతి అతన్ని వరించింది. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి అది. చట్టం దృష్టిలో చనిపోయినా చురుగ్గా జీవించినందుకూ, మరణానంతరం కూడా అలసత్వం మీదా అత్యాశపరులైన బంధువుల మీదా పోరాడినందుకూ, చచ్చినవాళ్ల సంఘం పెట్టినందుకూ ఇస్తున్నామన్నారు నిర్వాహకులు. బహుమతి అందుకోవడానికి భారత ప్రభుత్వం పాస్‌పోర్టు కూడా ఇచ్చింది. తీరాచేసి అమెరికా రానివ్వలేదు. చివరికి స్నేహితులొకరు వెళ్లి తీసుకోవాల్సి వచ్చింది. 2021లో అతని కథే పంకజ్ త్రిపాఠీ హీరోగా 'కాగజ్' అనే హిందీ సినిమా అయింది.

చితి మీంచి లేచొచ్చిన రాజకుమారుడు

లాల్ బిహారీది ఎకరం లోపు పొలం గొడవ. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న భవాల్‌ది పెద్ద జమీందారీ తగాదా. ఢాకా దగ్గరున్న ఆ ఎస్టేట్ వారసుల్లో రెండోవాడైన రమేంద్ర నారాయణ్ రాయ్ జబ్బు చేసి 1909 ఏప్రిల్‌లో డార్జిలింగ్ వెళ్లాడు. అక్కడే చనిపోయాడని కబురొచ్చింది. కర్మకాండలూ జరిగిపోయాయి.

పన్నెండేళ్లు గడిచాక ఢాకా నది గట్టు మీద ఓ సన్యాసి కనిపించాడు. ఒంటినిండా బూడిద, తలమీద జడలు. చూసినవాళ్లు ఒక్కరొక్కరే అనుమానపడ్డారు. అచ్చం మన కుమార్ లాగే ఉన్నాడే! ఆ మాట అక్క చెల్లెళ్ల దాకా వెళ్లింది. ఇంటికి పిలిపించి పరీక్షగా చూస్తే కాలి మీది పాత మచ్చలతో సహా సరిపోయాయి. శ్మశానంలో గాలివాన రావడంతో మోసుకొచ్చినవాళ్లు చితి దగ్గర తనని వదిలేసి పరుగెత్తారనీ, నాగా సాధువులు కాపాడారనీ, చాలా ఏళ్లు గతమేదీ గుర్తురాలేదనీ చెప్పుకొచ్చాడు సన్యాసి. సోదరి నమ్మింది. రైతులు నమ్మారు. భార్య మాత్రం ఈయన నా భర్త కాదు పొమ్మంది. ఎస్టేట్ నడుపుతున్న బ్రిటిష్ అధికారులూ మోసగాడని తేల్చేశారు.

1930లో దావా పడింది. ఇరువైపులా కలిపి దాదాపు పదిహేనువందలమంది సాక్షులు! ఓ చిన్న ఊరంతా తరలివచ్చి బోనెక్కినట్టే. 1936లో జడ్జి పన్నాలాల్ బసు ఐదొందల పేజీలు దాటిన తీర్పులో సన్యాసే కుమార్ అని తేల్చారు. అవతలివాళ్లు కలకత్తా హైకోర్టుకెళ్లారు. 1940లో అక్కడా సన్యాసే నెగ్గాడు. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కి వెళ్లారు. 1946 జులై ఆఖర్న అక్కడా ఆయనదే గెలుపు. ముప్ఫై ఏడేళ్ల తర్వాత కుమార్ బతికే ఉన్నాడని సామ్రాజ్యంలోని అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకుంది. అంతే, మరి కొద్దిరోజులకే ఆయన నిజంగా కన్నుమూశాడు. బతికున్నట్టు తీర్పు వచ్చేదాకా ఆగి, అప్పుడు తీరిగ్గా పోయాడన్నమాట!

బతికావు సరే, ఆలస్యమైందిగా!

ఈ వింతలన్నీ మన దగ్గరే అనుకుంటే పొరపాటు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒకాయన 1986లో ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. జాడ లేకపోవడంతో 1994లో కోర్టు చనిపోయినట్టు ప్రకటించింది. ఎన్నో ఏళ్లకి తిరిగొచ్చి డ్రైవింగ్ లైసెన్సు తీసుకుందామంటే చచ్చినవాళ్లకి ఇవ్వమన్నారు. 2013లో అదే కోర్టుకెళ్లాడు. జడ్జి ఆయన్ని కళ్లారా చూశారు, ఆరోగ్యంగా ఉన్నాడనీ ఒప్పుకున్నారు. కానీ మరణ ప్రకటన రద్దుకి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లే. అది ఎప్పుడో దాటిపోయింది కాబట్టి చట్టప్రకారం చనిపోయినట్టేనని చెప్పి పంపించారు.

వినడానికి విడ్డూరమే. అయితే నాణేనికి రెండో వైపున ఆయన మాజీ భార్య ఉంది. భర్త పోయాడన్న లెక్కతోనే ఇద్దరు ఆడపిల్లలకి ప్రభుత్వం నుంచి భృతి వచ్చింది. ఇప్పుడాయన బతికితే ఆ డబ్బంతా వెనక్కి కట్టాల్సొస్తుందని ఆమె భయం. ఆయనకి ప్రాణమొస్తే ఆమెకి ప్రాణం మీదికొస్తుంది!

రుమేనియా పౌరుడొకరిది ఇలాంటి కథే. 1992లో పొట్ట చేత పట్టుకుని టర్కీ వెళ్లి వంటవాడిగా కుదిరాడు. ఏళ్ల తరబడి కబురు లేకపోవడంతో భార్య మరణ ధ్రువపత్రం తీసుకుంది. 2018లో కాగితాలు సరిగ్గా లేవని టర్కీ వెనక్కి పంపిస్తే సొంత దేశపు విమానాశ్రయంలోనే ఆపేశారు. అతనేనా కాదా అని గంటల తరబడి ప్రశ్నలడిగారు. అరవై మూడేళ్ల ఆ మనిషి కోర్టుకెళ్తే, గడువు దాటాక వచ్చావంటూ ఆ ఏడాది మార్చిలో దరఖాస్తు కొట్టేశారు. చనిపోయిన మనిషి గడువులోగా రాలేదని తప్పుపట్టడం న్యాయశాస్త్రానికే చెల్లింది.

అల్మరా వెనక స్వర్గం

బతికించమని ఏడ్చేవాళ్లు ఇలా ఉంటే, కోరి చచ్చిపోయినవాళ్ల కథ ఇంకోటి. ఇంగ్లండ్ తీరంలోని సీటన్ కెరూలో ఒకాయన పీకల్లోతు అప్పుల్లో మునిగిపోయాడు. 2002 మార్చిలో చిన్న పడవ వేసుకుని సముద్రంలోకి వెళ్లి మాయమయ్యాడు. వెతగ్గా వెతగ్గా విరిగిన పడవ దొరికింది, మనిషి దొరకలేదు. మరుసటేడు అధికారికంగా మరణించినట్టు తేల్చారు. భార్య బీమా డబ్బు తీసుకుంది. ఇద్దరు కొడుకులు తండ్రి కోసం కుమిలిపోయారు.

ఆ తండ్రి ఎక్కడున్నాడో తెలుసా? పక్కింట్లో! రెండిళ్లూ వాళ్లవే. మధ్య గోడకి కన్నం, దానికి అడ్డంగా అల్మరా. ఎవరైనా పరామర్శకొస్తే అటు, వెళ్లిపోతే ఇటు. తర్వాత భార్యాభర్తలు పనామా దేశంలో స్థిరపడాలనుకున్నారు. అయితే 2007 డిసెంబరులో ఆయనగారు లండన్‌లోని పోలీస్ స్టేషన్‌కి నడుచుకుంటూ వచ్చి, గతమేమీ గుర్తులేదంటూ కొత్త నాటకం మొదలుపెట్టాడు. ఓ సామాన్య మహిళకి అనుమానమొచ్చి ఇంటర్నెట్‌లో దంపతుల పేర్లకి 'పనామా' జోడించి వెతికింది. 2006లో ఇళ్ల బ్రోకరు పక్కన నిలబడి ఇద్దరూ చిరునవ్వులు చిందిస్తున్న ఫొటో ప్రత్యక్షమైంది! 2008లో ఇద్దరికీ ఆరేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అన్నిటికన్నా పెద్ద శిక్ష ఆ కొడుకుల మౌనం. బతికున్న తండ్రికి ఐదేళ్లు ఏడ్చిన పిల్లలు వాళ్లు.

చట్టానికి ఎందుకంత మొండితనం?

తప్పంతా చట్టానిదే అనలేం. కనిపించకుండా పోయిన మనిషి కోసం ఇల్లాలు ఎన్నాళ్లు ఎదురుచూడాలి? బీమా, పింఛను, ఆస్తి, పిల్లల చదువు... అన్నీ ఆగిపోతాయి. అందుకే ఏడేళ్లపాటు అయినవాళ్లకెవరికీ కబురు లేకపోతే, ఆ మనిషి బతికున్నాడని చెప్పేవాళ్లే నిరూపించాలంటుంది మన చట్టం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్‌గా ఉన్న ఈ నిబంధనే 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111వ సెక్షన్ అయింది. దిక్కులేని కుటుంబానికి దారి చూపించేందుకు పెట్టిన నియమమది. చిక్కల్లా ఆ దారిన దురాశ నడిచినప్పుడూ, తప్పు తెలిశాక కూడా దిద్దే నాథుడు లేనప్పుడూ వస్తుంది.

మనకి ఈ బాధ లేదనుకోకండి. పింఛనుదారుల ఇళ్లలో ఏటా నవంబరు వచ్చిందంటే బతికున్నట్టు రుజువు చూపించే నెలే. ఆఫీసుకొచ్చిన పెద్దాయన్ని 'ఈ ఏడాది బతికున్నారు సరే, పోయినేడాది బతికున్న కాగితమేదీ' అని గుమాస్తా అడిగాడన్న పాత జోకు అందుకే ఇంకా చెల్లుబాటవుతోంది. 2014లో 'జీవన్ ప్రమాణ్' వచ్చాక వేలిముద్రతో, ఆ తర్వాత ఫోన్లో ముఖం చూపించి ఇంటి దగ్గర్నుంచే ఆ పని కానిచ్చే వీలొచ్చింది. తాతగారికి ఫోన్ పట్టుకోవడం రాకపోతే మనవడు పక్కన కూర్చుంటే చాలు.

పొలం సంగతీ అంతే. ఊరొదిలి పట్నంలోనో పరదేశంలోనో ఉంటున్నవాళ్లు ఏడాదికోసారైనా రికార్డులో తమ పేరుందో లేదో చూసుకోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 'మీభూమి', తెలంగాణలో 'భూభారతి' పోర్టళ్లలో ఇంటినుంచే చూడొచ్చు. ఒకవేళ ఎక్కడైనా మరణాల నమోదులోనే తప్పు పడితే, దాన్ని సరిదిద్దే, రద్దుచేసే అధికారం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారుకి ఉంది. నోటిమాటతో సరిపెట్టుకోకుండా లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. లాల్ బిహారీ అంత ఓపిక అందరికీ ఉండదు కదా!

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం వెలుగుతూనే ఉందని ఆఫీసు రిజిస్టర్లో రాసుందో లేదో కూడా ఓసారి చూసుకోమంటున్నాయి ఈ కథలు.