కమాను చెప్పు పాఠము

మాఘ ఫాల్గుణములలో పసుపు ఎండి, మెరుగు పట్టి, సంచులకెక్కు దినములలో మోర్తాడ్ మీదుగా పోవు బాటను వేకువజామున చూచినవారికి ఒక చిన్న విశేషము కంటబడును. నిజామాబాదు మార్కెట్ యార్డులో సరకు దింపి మరలివచ్చు పికప్ బండ్లు వెనుకభాగము నెత్తి, ముందుభాగము వంచి, తలవంచి పరుగెత్తు కోడెదూడలవలె నుండును. వాని కెదురుగా సంచులతో పోవు బండ్లు నేలకు సమముగా, నిబ్బరముగా సాగుచుండును. బండి అదే, కమాను అదే, చక్రములును అవియే. మారినది బరువు మాత్రమే.

ఖాళీబండి ఇట్లు ముందుకు వంగి కనబడుట కొందరు యువకులకు చిన్నతనముగా తోచును. ముందు కమానుల వద్ద దిమ్మలు వేయించి ముందుభాగమును వెనుకతో సమముగా ఎత్తించుట, ఉన్న టైర్లు తీసి పెద్దవి తొడిగించుట అను కోరిక నేడు పలుచోట్ల బయలుదేరినది. అమెరికాలో ఇది పెద్ద వాడుక. ఫోర్డు కంపెనీ 1925లో తన మోడల్ టీ కారునకు వెనుక సామానుపెట్టె నమర్చి, పికప్ అను పేరుతో అమ్మినది. పనికై పుట్టిన ఆ బండి అక్కడ క్రమముగా ఇంటి బండియై, అలంకారమునకు తావిచ్చినది. బరువు మోయని బండిని ఎట్లు నిలిపినను కొంతవరకు చెల్లవచ్చును. మోర్తాడ్ రైతు సరకు మోయు బండి సంగతి వేరు. అది సమముగా నున్నదా లేదా యని ఎప్పుడు చూడవలెను? ఖాళీగా నున్నప్పుడా, బరువెక్కినప్పుడా?

ఈ ప్రశ్న మోటారుతో పుట్టినది కాదు. ఎడ్లబండి తోలిన తరమునకు దీని సమాధానము అనుభవముననే తెలియును. రెండు చక్రముల బండికి ఇరుసు త్రాసుముల్లు వంటిది. బరువు ముందుకు మొగ్గినచో కాడి ఎద్దుల మెడలను అణచును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచి పలుపులు గొంతును బిగించును. అందుచేత చెరకైనను, వడ్ల బస్తాలైనను వేయునప్పుడు కాడిపై స్వల్పభారము మాత్రమే పడునట్లు సర్దెడివారు. ఖాళీబండి ఎట్లు నిలిచినదని ఎవరును విచారింపలేదు. నిండుబండి కాడిక్రింద ఎద్దుమెడ ఎట్లున్నదో చూచెడివారు.

చక్రము కథయు అట్టిదే. మంజీరనదిపై 1931లో నిజాంసాగర్ పూర్తియగుటతో బోధన్ ప్రాంతము చెరకుసీమగా మారినది. ఆ దశాబ్దపు చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. నరికిన చెరకు త్వరగా మిల్లు చేరవలెను. ఆలస్యమైనకొలది అందలి చక్కెర తగ్గును. ఆ తొందరకు అడ్డుపడినది మెత్తని నేల. కొయ్యచక్రమునకు బిగించిన ఇనుప పట్టా సన్ననిది. తడిసిన రేగడిలో అది కత్తివలె దిగబడును.

దీనికి మందు దూరదేశమున దొరకినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల సైకిలునకు గాలి నింపిన రబ్బరు గొట్టము తొడిగెను. ఆ ఉపాయము కాలక్రమమున ఎడ్లబండికిని వచ్చినది. తెలుగు పల్లెలలో దానిని ‘టైరు బండి’ యనిరి; ‘డన్లప్ బండి’ యనిన వారును కలరు. ఇందలి సూత్రము సులభము. ఒక చక్రముపై 600 కిలోల భారమున్నది, టైరులో చదరపు సెంటీమీటరుకు 3 కిలోల చొప్పున గాలి యొత్తిడి ఉన్నది అనుకొందము. ఆ భారమును నిలుపుటకు టైరు సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకవలెను. భారము అంత స్థలముపై పరచుకొనుటచేత చక్రము దిగబడదు. ఇనుప పట్టా అంతగా పరచుకొనలేదు.

బోధన్, నిజామాబాదు, ఆర్మూరు, మోర్తాడ్, మెట్‌పల్లి ఊళ్ళను నేడు 63వ జాతీయ రహదారి కలుపుచున్నది. ఎడ్లబండి తరువాత ట్రాక్టరు, ట్రాక్టరు వెంట పికప్ ఈ సీమకు వచ్చినవి. బోధన్ మిల్లును, మెట్‌పల్లి చేరువనున్న ముత్యంపేట మిల్లును 2015 డిసెంబరులో మూతపడినవి. పసుపు మాత్రము నిలిచినది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదున ప్రారంభమైనది. పలు మాసములు భూమిలో పెరిగి, ఉడికి, ఎండి సంచులకెక్కిన పంట అంతయు ఒక్కొక్కప్పుడు ఒక్క పికప్ బండిమీద ఆధారపడును. అందుచే ఆ బండి కమాను సంగతి వేడుక విషయము కాదు.

స్ప్రింగు సాగుటయు కుంగుటయు దానిపై బడు భారమును బట్టి యుండునని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను. పాఠశాలలో చిన్న తూనికరాళ్ళతో బాలురు చేయు ప్రయోగమునే పికప్ బండి దినదినము చేయుచున్నది. వెనుక కమాను ప్రతి 50 కిలోలకు ఒక సెంటీమీటరు కుంగుననుకొందము. వెనుక ఇరుసుపై 900 కిలోలు పడినచో రెండు కమానులకు చెరి 450. అనగా 9 సెంటీమీటర్ల కుంగుబాటు. ఈ కుంగుబాటును ముందుగా లెక్కించియే తయారుచేయువారు వెనుకభాగమును ఎత్తుగా నిలుపుదురు. ఖాళీబండి వంగి కనబడుట లోపము కాదు. రాబోవు బరువునకు విడిచిన చోటు.

ఇప్పుడు ముందుభాగమును 6 సెంటీమీటర్లు ఎత్తించిరనుకొందము. ఖాళీగా నున్నప్పుడు బండి సమమై కంటికి ఇంపుగా నుండును. సంచులు ఎక్కినంతనే వెనుకభాగము యథాప్రకారము కుంగును. ముందుభాగము 6 సెంటీమీటర్లు పైకి నిలుచును. ముందు వెనుక ఇరుసుల నడిమి దూరము 3 మీటర్లైనచో ఇది ఏబదింట ఒకవంతు వాలు. ముందు దీపముల వెలుగు ఆ వాలుననే పైకి లేచును. 50 మీటర్ల దూరమున ఆ వెలుగు ఉండవలసిన చోటికంటె ఒక మీటరు ఎత్తున పడును. రోడ్డుమీద పడవలసిన వెలుగు ఎదురుగా సైకిలుపై వచ్చువాని కన్నులలో పడును. ఖాళీబండికి వచ్చిన అందమునకు వెల చెల్లించువాడు చీకటిలో ఎదురైన బాటసారి.

పెద్ద టైరు లెక్కయు చూడదగినది. 215/75 ఆర్ 15 అను గుర్తుగల టైరు వ్యాసము సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 వ్యాసము సుమారు 733. ఇరుసు 15 మిల్లీమీటర్లు ఎత్తగును. గతుకుల బాటలో, పొలము గట్టున ఇది నిజముగా మేలే. కాని మొదటి టైరు ఒక కిలోమీటరునకు సుమారు 452 చుట్లు తిరుగగా రెండవది 434 చుట్లే తిరుగును. వేగము చూపు ముల్లు చుట్లను లెక్కించునే కాని నేలను కొలువదు. కనుక ముల్లు 60 చూపునప్పుడు బండి గంటకు 62 కిలోమీటర్లు దాటి పోవుచుండును. చక్రపు వ్యాసార్ధము నూటికి నాలుగు వంతులు పెరుగుటచేత ఇంజను లాగుబలము దాదాపు అంత తగ్గును. బ్రేకు పట్టును అట్లే తగ్గును. ఏటవాలున నిండు బరువుతో దిగు బండికి ఈ నాలుగు వంతులు స్వల్పము కావు.

ఎత్తు పెరిగినకొలది ఒరుగు భయమును పెరుగును. చక్రముల నడిమి వెడల్పులో సగము 70 సెంటీమీటర్లు, బరువుతో కూడిన బండి గురుత్వకేంద్రము నేలకు 100 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నవనుకొందము. ఈ రెంటి నిష్పత్తి నూటికి 70. కేంద్రము 4 సెంటీమీటర్లు లేచినచో అది 67కు దిగును. సంచులు ఎత్తుగా పేర్చినప్పుడు ఇంకను దిగును. మలుపులో బండిని నిలుపు నిలకడ ఆ మేరకు సన్నగిల్లును.

రెండవ పొరపాటు ఇంతకంటె రహస్యముగా హాని చేయును. బండి కుంగుచున్నదని కమానుకు అదనపు పట్టీలు వేయించి, మునుపటికంటె ఎక్కువ సంచులు ఎక్కించుట కలదు. పట్టీ చేరినందున కమాను గట్టిపడును. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు మాత్రము మునుపటివే. కమాను కుంగుట బండి పలుకు మాట. ‘ఇక చాలు’ అని అది యజమానికి చేయు హెచ్చరిక. అదనపు పట్టీ ఆ నోరు నొక్కును, బరువును తగ్గింపదు.

చట్టమును ఈ విషయమున మౌనముగా లేదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమునకెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. ఆ యేటి సవరణ చట్టము అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు మాసములవరకు కారాగారముగాని, రెండునుగాని విధింపవచ్చునన్నది. టైర్లు మార్చదలచినవాడు మొదట చూడవలసినది ఆ నమూనా బండికి తయారీదారు అనుమతించిన కొలతలను.

ఈ పాఠమును నల్లబల్లపై కంటె బండి ప్రక్కనే చెప్పుట సులభము. ఉపాధ్యాయుడు యజమాని అనుమతితో, ఆగియున్న బండి ముందు వెనుక చక్రముల పైనున్న అంచులు నేలకు ఎంత ఎత్తున ఉన్నవో ఖాళీగా నున్నప్పుడు ఒకసారి, సంచులు ఎక్కిన పిదప ఒకసారి విద్యార్థులచే టేపుతో కొలిపింపవచ్చును. రెండు అంకెల భేదమే హుక్ సూత్రము. టైరు చుట్టును దారముతో కొలిచి, ఒక కిలోమీటరునకు ఎన్ని చుట్లో భాగించి చూచినచో గణితము రోడ్డు మీదికి వచ్చును. తండ్రి బండి తోలు బాలుడు ఆ సాయంకాలము ఇంటికి పోయి, ముందుదిమ్మల మాట ఎత్తిన అన్నకు ఆ అంకెలు చూపగలడు.

యార్డులో సంచులు దింపిన తరువాత బండి వెనుకభాగము మరల పైకి లేచును. ఇంటిదారి పట్టిన ఆ వంగిన బండిని చూచి సిగ్గుపడనక్కరలేదు. మోయవలసినది మోసివచ్చినదని, రేపు మరల మోయుటకు సిద్ధముగా నున్నదని దాని అర్థము.