‘ఐఈ’ అని చూపిస్తోంది.. ఇప్పుడేం చేస్తారు?

వాషింగ్ మెషిన్ మీద మెరిసే రెండక్షరాల కోడ్ వెనకున్న కారణాన్ని పట్టుకోగలిగితే ఇంట్లో ఓ ఖర్చు తప్పుతుంది. ఇంటర్వ్యూలో ఎదురయ్యే ఓ కష్టమైన ప్రశ్నకు జవాబూ దొరుకుతుంది!

ఆదివారం ఉదయం. మీరు ఫోన్‌లో ఉద్యోగ ప్రకటనలు చూసుకుంటున్నారు. ఇంతలో అమ్మ పిలుపు.. ‘‘మెషిన్ ఆగిపోయింది. ఏవో అక్షరాలు చూపిస్తోంది. ఇంజినీరింగ్ చదివావు కదా, కాస్త చూడు!’’

ఆ చివరి మాట ఎక్కడో గుచ్చుకుంటుంది. చదువు పూర్తయి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో అయితే మరీనూ. సర్క్యూట్ల పేపర్‌లో మంచి మార్కులే వచ్చి ఉండొచ్చు. కానీ ఎదురుగా ఉన్న యంత్రాన్ని ముట్టుకోవాలంటే జంకు. ‘మెకానిక్‌ను పిలుద్దాంలే’ అని తప్పించుకోవడం తేలిక. ఈసారి మాత్రం ఓ గంట కేటాయించి చూడండి.

కోడ్ ఏం చెబుతోంది?

ఎల్‌జీ యంత్రాల్లో ‘ఐఈ’ అంటే ఇన్‌లెట్ ఎర్రర్. శాంసంగ్‌లో దాదాపు ఇదే విషయాన్ని ‘4సీ’ లేదా ‘4ఈ’ చెబుతాయి. నీళ్లు బయటికి పోకపోతే ‘ఓఈ’, బట్టలు ఒకవైపు పేరుకుంటే ‘యూఈ’.. ఇలా కంపెనీకో పట్టిక ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్‌లో చూస్తే సరిపోతుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘ఇన్‌లెట్ ఎర్రర్ అంటే ఇన్‌లెట్ వాల్వ్ పోయింది’ అనుకుని కొత్తది కొనేస్తారు. కోడ్ చెప్పేది లక్షణమే, కారణం కాదు. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది కానీ, అది మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా! ఇదీ అంతే. ‘నేను వాల్వ్ తెరిచాను, అయినా అనుకున్న సమయంలోపు టబ్‌లో నీటిమట్టం పెరగలేదు’.. యంత్రానికి తెలిసింది ఇంతే. ఎందుకు పెరగలేదో కనిపెట్టాల్సింది మీరే.

ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ‘నీళ్లు వస్తున్నాయా?’ యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేసి, చెవిపెట్టి వినండి. దీనికి మూడే జవాబులుంటాయి. అసలు రావడం లేదు, సన్నగా వస్తున్నాయి, బాగానే వస్తున్నాయి కానీ కోడ్ మాత్రం పోవడం లేదు. ఈ ఒక్క ప్రశ్నతో సగానికి పైగా అనుమానాలు పక్కకు పోతాయి.

అసలు రాకపోతే: కుళాయి తిప్పి ఉందా, పైపు మడత పడిందా చూడండి. రెండు ఇన్‌లెట్లున్న మోడల్ అయితే, చన్నీళ్ల పైపు ఒక్కటే బిగించి వేణ్నీళ్ల ఆప్షన్ నొక్కారేమో గమనించండి. తర్వాత కుళాయి కట్టేసి, యంత్రం వెనక పైపు విప్పి, దాని కొసను బకెట్‌లో పెట్టి కుళాయి తిప్పండి. ధార బాగా వస్తే పైపు, కుళాయి నిర్దోషులు. తప్పు యంత్రం వైపే ఉంది.

సన్నగా వస్తుంటే: పైపు బిగించే చోట చిన్న జాలీ ఉంటుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇసుక, తెల్లటి ఉప్పు పేరుకుని అది మూసుకుపోతుంది. పట్టుకారుతో మెల్లగా లాగి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి పెట్టేయండి. చాలా ఇళ్లలో కథ ఇక్కడితోనే ముగుస్తుంది. పైసా ఖర్చు లేదు.

జాలీ శుభ్రంగానే ఉందా? అయితే డాబా ఎక్కి ట్యాంకు చూడండి. ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. 10 మీటర్ల ఎత్తున్న నీరు సుమారు 1 బార్ ఒత్తిడి ఇస్తుంది. మీ మాన్యువల్‌లో కనీస ఒత్తిడి 0.3 బార్ అని ఉంటే, ట్యాంకులో నీటిమట్టం యంత్రం కంటే కనీసం 3 మీటర్లు పైన ఉండాలన్నమాట. పై అంతస్తులో ఉంటూ, ట్యాంకు నెత్తిమీదే ఉంటే అంత ఎత్తు దొరకదు. కింది అంతస్తులో చక్కగా నడిచే యంత్రమే పైకి మార్చగానే మొరాయించడానికి కారణం ఇదే కావొచ్చు. అప్పుడు వాల్వ్ మార్చినా, బోర్డు మార్చినా కోడ్ మళ్లీ వస్తుంది. కావాల్సింది ట్యాంకు ఎత్తు పెంచడమో, ప్రెజర్ పంపు పెట్టుకోవడమో.

బాగానే వస్తున్నా కోడ్ పోకపోతే: అసలు చిక్కు ఇదే. చాలా టాప్ లోడ్ యంత్రాలకు డ్రెయిన్ పంపు ఉండదు. టబ్ అడుగున వాల్వ్ తెరుచుకుంటే నీళ్లు వాటంతటవే కిందికి పోతాయి. ఆ వాల్వ్‌లో చొక్కా గుండీయో, రూపాయి బిళ్లో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. పైనుంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి పోతుంటాయి. నీళ్లు నిండే సమయంలో డ్రెయిన్ పైపు కొస దగ్గర చూడండి. అక్కడ ధార కనిపిస్తే దొంగ దొరికినట్టే. కోడ్ చెప్పింది ఇన్‌లెట్ గురించి, తప్పు మాత్రం అవుట్‌లెట్‌లో!

అక్కడా ఏమీ లేదా? టబ్ అడుగు నుంచి ఓ సన్నని గొట్టం పైనున్న లెవల్ సెన్సర్ దాకా వెళ్తుంది. నీరు పెరిగేకొద్దీ అందులోని గాలి నొక్కుకుంటుంది. నీళ్లెంత ఉన్నాయో బోర్డుకు తెలిసేది దాని ద్వారానే. ఆ గొట్టం ఊడినా, చిల్లుపడినా టబ్ నిండుతున్నా యంత్రానికి ఖాళీగానే అనిపిస్తుంది. నీళ్లు మామూలు మట్టం దాటుతుంటే వెంటనే కుళాయి కట్టేయండి. ఈ గొట్టం, సెన్సర్, వాల్వ్ కాయిల్, బోర్డు.. ఇవి మెకానిక్ పని. కానీ ‘ఇంతవరకు చూశాను, ఇక్కడ ఆగింది’ అని మీరు చెప్పగలిగితే ఆయన పని తగ్గుతుంది, అనవసరంగా పార్టులు మార్చే అవకాశమూ తగ్గుతుంది.

ఇంటర్వ్యూలో ఇదెలా పనికొస్తుంది?

‘మీకు తెలియని ఒక సమస్యను ఎలా పరిష్కరించారో చెప్పండి’.. ఫ్రెషర్లు తరచూ తడబడే ప్రశ్న ఇది. కాలేజీ ప్రాజెక్టు గురించి బట్టీపట్టిన జవాబు రెండో ప్రశ్నకే తేలిపోతుంది. చేత్తో చేసిన పని అయితే అలా కాదు. ఎటు తిప్పి అడిగినా చెప్పగలరు.

పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరసలో చెప్పండి. ‘ఫలానా కోడ్ వచ్చింది. ముందు నీళ్లు వస్తున్నాయో లేదో చూశాను. బకెట్‌తో పరీక్షించి పైపును పక్కన పెట్టాను. జాలీ కడిగినా తగ్గలేదు. ట్యాంకు ఎత్తు కొలిస్తే ఒత్తిడి చాలడం లేదని తేలింది.’ ఇందులో గొప్ప పదాలేవీ లేవు. కానీ ఒకసారి ఒక్క అంశాన్నే పరీక్షించారని, ఊహించకుండా కొలిచారని ఎదుటివారికి అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, సపోర్ట్ ఉద్యోగాల్లోనూ కావాల్సింది ఇదే. సర్వర్ 500 ఎర్రర్ చూపితే, అదీ లక్షణమే కానీ కారణం కాదు.

ఒక్క మాట. చేయని పని చేశానని చెప్పొద్దు. బాగుచేయలేకపోతే, ‘ఇక్కడిదాకా తేల్చాను, ఆపైన టెక్నీషియన్ చేశారు’ అనండి. ఎక్కడ ఆగాలో తెలియడమూ నైపుణ్యమే.

ఇదే వృత్తిగా..

ఈ పని మీకు నచ్చిందా? పదో తరగతి అర్హతతో ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ లాంటి రెండేళ్ల ట్రేడ్‌లు ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ ప్రమాణాల్లో గృహోపకరణాల ఫీల్డ్ టెక్నీషియన్‌కు ప్రత్యేక కోర్సు ఉంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. డిప్లొమా, బీటెక్ వారు సర్వీస్ విభాగాల్లో సూపర్‌వైజర్, శిక్షకుల కొలువులను పరిశీలించవచ్చు.

ముందు ఇవి మరవొద్దు!

- పైపు విప్పాలన్నా, జాలీ తీయాలన్నా ముందు ప్లగ్ పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు.
- తడి చేతులతో, తడి నేలపై నిలబడి యంత్రాన్ని ముట్టుకోవద్దు. ఎర్తింగ్ లేని సాకెట్ వాడొద్దు.
- ప్లగ్ పీకినా బోర్డు మీది కెపాసిటర్లలో కాసేపు విద్యుత్తు నిల్వ ఉండొచ్చు. శిక్షణ లేకుండా ప్యానెల్ విప్పొద్దు.
- వారంటీ ఉంటే జాలీ కడగడంతో ఆపి, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి.
- చూసిన ప్రతిదీ కాగితంపై రాసుకోండి. రేపు ఇంటర్వ్యూకి అదే మీ నోట్స్!